పేరొక్కటే అడిగే సంఘానికి, ఇచ్చోడ దారిన

ఈ ప్రయాణానికి కారణం అసూయ. ఆ మాట మొదటే ఒప్పుకుంటే మిగిలినది రాయడం సులువవుతుంది. కరీంనగర్‌లో మా మెథడిస్టు సంఘపు స్త్రీల సమాజంలో కమల, నేను ముప్పై ఏళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె నర్సు. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, ఎవరి మీదా ఆధారపడలేదు. మనసులో మాట మరొకరికి చెప్పుకోవలసిన అవసరం కమల దగ్గర తప్ప నాకెక్కడా కలగలేదు. ఎనిమిదేళ్ల క్రితం ఆమె ఉద్యోగ విరమణ చేసి, ఇచ్చోడ దగ్గర తమ్ముడి చేను పక్కన చిన్న ఇల్లు కట్టుకుని వెళ్లిపోయింది. మొదట్లో వారం వారం ఫోను చేసేది, తర్వాత నెలకొకసారి. ఆ కొద్ది మాటల్లో కూడా సగం 'మా రుక్కుబాయి' గురించే. రుక్కుబాయి పత్తి ఏరుతూ కొత్త పాట కట్టిందట. రుక్కుబాయి చేసిన జొన్న రొట్టె మర్నాటికి కూడా మెత్తగానే ఉంటుందట. నేను ఎన్నడూ చూడని ఆ మనిషి మీద నాకు కలిగిన కోపం నా విద్యార్థినుల్లో ఎవరికైనా కలిగి ఉంటే, పిలిచి మందలించేదాన్ని.

గత అక్టోబరు చివర మా సంఘపు యువతి ఒకతె ఆ వైపు బంధువుల ఇంటికి వెళ్లి వచ్చి, ఆరాధన తర్వాత నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "మేడమ్, కమలమ్మోళ్ల ఊర్ల ఆడోళ్లు ప్రతి బుధవారం ప్రార్థనల మీ పేరు తీస్తున్నరు. పానం బాగలేదా?" అని అడిగింది. బాగానే ఉందని చెప్పి ఇంటికి వచ్చాను. కాని ఆ వారమంతా ఆ మాట నన్ను వదలలేదు. నా కోసం ప్రార్థించవలసిన సంగతి ఒకటి నిజంగానే ఉంది, అది కమలకు మాత్రమే తెలుసు. మా సంఘంలో పెద్ద ప్రార్థన చేయవలసి వస్తే నన్నే లేపుతారు. పది నిమిషాలైనా తడబడకుండా చేయగలను. కాని మా అన్నయ్య పోయినప్పటి నుంచి, ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే నాకు ఒక్క మాట కూడా రాదు. సంఘానికి గొంతుకగా ఉన్న మనిషికి ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? ఇప్పుడు ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఆ సంగతి చెప్పుకుని జాలిపడుతున్నారనీ, వాళ్లలో రుక్కుబాయి అందరికంటే ముందుందనీ నిశ్చయించుకున్నాను. కమలను ఎదురుగా నిలబెట్టి అడగాలి. చెప్పానని ఆమె ఒప్పుకుంటే ఇన్నేళ్ల స్నేహం అక్కడితో ముగిసిపోతుంది.

నవంబరులో ఒక బుధవారం ఉదయం ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో నిర్మల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవారికి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. నాకు పింఛను వస్తుంది, ఉచితం అక్కరలేదు, డబ్బు తీసుకోమన్నాను. "నీ పైసలు తీస్కుంటె నా కొలువు మీదికొస్తది పెద్దమ్మా, కూసో" అని కండక్టరమ్మ టికెట్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరేసరికి పది కావస్తోంది. స్టాండు బయట పదిహేను రూపాయలకు మంచి టీ దొరుకుతుంది. అక్కడి నుంచి ఆదిలాబాద్ బస్సులు తరచుగా ఉంటాయి, గంటంపావులో ఇచ్చోడలో దింపుతాయి. ఘాట్ రోడ్డులో కిటికీ పక్కన సీటు దొరికింది. టేకు ఆకులు అప్పుడప్పుడే అంచుల వెంట రంగు మారుతున్నాయి. మరొక రోజైతే వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజు కమలతో అనవలసిన మాటలను మనసులో వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాను.

ఇచ్చోడ నుంచి ఆ ఊరు లోపలికి ఎనిమిది కిలోమీటర్లు. ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ ఉంటే తెలుస్తుంది. ఆటోకు మనిషికి ముప్పై రూపాయలు, కాని నిండేదాకా కదలదు. రెండు వందలిచ్చి ఒక్కదాన్నే బయలుదేరాను. మెడలో తులసిమాల వేసుకున్న డ్రైవరు, నేను చర్చి దగ్గరికి వెళ్లాలనగానే, అక్కడ తన తల్లి పేరు కూడా తీస్తారని చెప్పాడు. ఆమె బాధ ఏమిటని వాళ్లకు చెప్పావని నేను ఆరా తీశాను. "ఏం చెప్పలే. ఎవలడిగిన్రు?" అన్నాడు. నేను నమ్మలేదు. పది మంది ఆడవాళ్లు ఒకచోట చేరి, ఏమిటి సంగతి అని అడగకుండా ఒక పేరును వదిలిపెట్టడం నా అనుభవంలో లేదు.

కమల వాకిట్లోనే ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. చిక్కిపోయింది, కాని ముఖం తేటగా ఉంది. నేను లేకుండా ఆమె ముఖం అంత తేటగా ఉండటం నాకు నచ్చలేదు. లోపల పొయ్యి ముందు కాసెపోసి చీర కట్టిన ఒకావిడ రొట్టెలు కొడుతోంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కోలేదు. కమల గూట్లో తడుముకుంటుంటే, అడగకముందే కళ్లజోడు తీసి అందించింది. రుక్కుబాయి ఈవిడేనని ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గీమెనేనా టీచరమ్మ? ఫోన్ల గొంతు వింటె గింత బక్కగుంటదనుకోలే" అంది. కమల నవ్వింది. ఆ నవ్వు కరీంనగర్‌లో నాది.

ఆ చుట్టుపక్కల బుధవారం వారపు అంగడి కాబట్టి కూలిపని ఉండదు. అందుకే పన్నెండు గంటలకు ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. చర్చి అంటే రేకుల కప్పు ఉన్న గది, రెండు చాపలు, పన్నెండు మంది ఆడవాళ్లు. మధ్యలో ఒక స్టీలు గిన్నె. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి పిడికెడు జొన్నలు కొంగున కట్టుకొస్తారు. ఒకరి పేరు చెప్పి ఆ జొన్నలు గిన్నెలో పోస్తారు. అందరి వంతూ అయ్యాక మౌనంగా మోకరిస్తారు. ఆ జొన్నలు ఆ వారం ఎవరింట్లో గింజలు లేవో వాళ్లింటికి వెళ్తాయి. పద్ధతి బాగుందనే అనిపించింది. ఇద్దరు ముగ్గురు పేర్లు చెప్పాక రుక్కుబాయి వంతు వచ్చింది. "కరీంనగర్ టీచరమ్మ" అని, నా వైపు చూడకుండానే, జొన్నలు పోసింది.

నేను లేచి నిలబడ్డాను. దారంతా పేర్చుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. "నా గురించి వీళ్లకు ఏం చెప్పావు కమలా?" అని అందరి ముందూ అడిగాను. కమల తల వంచుకుని చాప వైపు చూసింది. ఆ మౌనమే జవాబనుకుని, నిన్ను నమ్మడమే నా పొరపాటని కూడా అన్నాను. జవాబు రుక్కుబాయి నుంచి వచ్చింది.

"ఏం చెప్పలే టీచరమ్మా. మేం అడగలే. గీడ పేరే చెప్తం, సంగతి చెప్పం. మేం ఇడమర్చి చెప్తెనే దేవునికి సమజైతదా?"

ఇలాంటి కట్టుబాటు ఏ సంఘంలోనూ వినలేదన్నాను. నా గొంతులో అపనమ్మకం ఆమెకు వినిపించే ఉంటుంది. అయినా కోపం తెచ్చుకోలేదు.

"కమలక్కనే పెట్టింది గీ కట్టుబాటు. అంతకుముందు మేం సుత ఒకలింటి సంగతి ఒకలం చెప్పుకుంట ఏడుస్తుంటిమి. అక్క వచ్చినంక వద్దన్నది. ఆమె ముందుగల్ల ఉన్న సంఘంల ఒకామె అక్క ఇంటి బాధంత అందరి ముంగట ప్రార్థన చేసిందట. మస్తు మంచిగ చేసిందట, అందరు ఏడ్చిన్రట. తెల్లారిసంది అక్క బజార్ల తలెత్తుకోలే."

"ఎవరామె?" అని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

"ఎవలో అక్క చెప్పలే. మేం అడగలే."

ఎనిమిదేళ్ల క్రితం, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో, మా సమాజంలో ఒక శుక్రవారపు కూడిక. దానికి రెండు రోజుల ముందు కమల తన ఇంటి సంగతి ఒకటి నాకు చెప్పింది. నేను ఆమె కోసం లేచి ప్రార్థించాను. పేరు చెప్పలేదు. 'మా మధ్య కూర్చున్న ఒక సహోదరి' అన్నాను. కాని సంగతిని మొదటి నుంచి చివరిదాకా, పావుగంట పాటు, ఒక్క వివరం కూడా విడవకుండా దేవునికి విన్నవించాను. నా పక్కన కూర్చున్నది ఎవరో అందరికీ కనబడుతూనే ఉంది. కూడిక అయ్యాక పాస్టరమ్మ నా చేతులు పట్టుకుని, ఇంత హృదయపూర్వకమైన ప్రార్థన వినలేదంది. కమల ఒక్కతే నడిచి ఇంటికి వెళ్లింది. మనసు కరిగి వెళ్లిందనుకున్నాను. ఆ ఏడాదే ఆమె కరీంనగర్ వదిలింది. చేను కోసం వెళ్లిందనుకున్నాను. ఎనిమిదేళ్లుగా అలాగే అనుకుంటున్నాను. నేను సంగతి చెప్పి పేరు దాచాను. వీళ్లు పేరు చెప్పి సంగతి దాస్తున్నారు. అంతేకాదు, ఆ 'ఒకామె' వాళ్ల మధ్యే నిలబడి కేకలు వేస్తుంటే కూడా కమల ఆమె ఎవరో చెప్పకుండా చాప వైపు చూస్తూ కూర్చుంది.

కూడిక ఆగిపోయి ఉంది. "నువ్వు సుత ఒక పేరు చెప్పు టీచరమ్మా, జొన్నలు నేనిస్త" అంది రుక్కుబాయి. ఆమె కొంగులోంచి పిడికెడు జొన్నలు తీసుకున్నాను. నోటి నిండా వాక్యాలు వచ్చాయి. పశ్చాత్తాపం గురించి, స్నేహం గురించి, అందరినీ ఏడిపించగల వాక్యాలు. వాటిని మింగి, "కమల" అని మాత్రం చెప్పి జొన్నలు పోశాను. డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో చాప మీద మోకరించాను. ఎవరూ ఏమీ అడగలేదు.

భోజనంలో జొన్న రొట్టె, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా, పప్పు. రొట్టె నిజంగానే మెత్తగా ఉంది. అది కూడా నాకు కష్టంగానే తోచింది. రుక్కుబాయి గిన్నెలు తోమడానికి వెనక్కి వెళ్లాక, అప్పుడే నన్ను ఎందుకు నిలదీయలేదని కమలను అడిగాను.

"నిలదీస్తె దాని మీద సుత ప్రార్థన చేస్తవని భయమైంది అక్కా" అంది.

తను నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తప్పయిందని చెప్పాను. రెండో వాక్యం కలపలేదు. ఆమె నా మోచేతి మీద చెయ్యి వేసి, "నీ సంగతి నా దగ్గర్నే ఉన్నది. పేరైతె నేనే ఇచ్చిన, ఇన్నేండ్లసంది ఒక్క బుధవారం తప్పలే" అంది. అంతటితో ఊరుకోవలసింది. కాని ఆమె ఇంటి సంగతి రుక్కుబాయికి తెలుసా అని అడిగాను. తెలుసు, తనే చెప్పానంది. రుక్కుబాయి అడగలేదట, చెప్పాలనిపించి చెప్పిందట. లోపల భగ్గుమంది. అలా భగ్గుమనే హక్కు నాకు లేదని తెలిసినా ఆగలేదు. నాకూ ఒకప్పుడు ఆమె అలాగే, అడగకుండానే చెప్పింది.

మూడు గంటలకు ఇద్దరం ఆటోలో ఇచ్చోడ రోడ్డు మీదికి వచ్చాం. నా సంచి తను పట్టుకుంటానంది, నేనివ్వలేదు. నిర్మల్ బస్సు వచ్చి ఆగింది. నేను కమ్మీ పట్టుకునే సమయానికి కమల, "అక్కా, ఒక మాట" అని ఆగింది. కండక్టరు ఎక్కమని తొందరపెట్టాడు. కమ్మీ వదిలేశాను. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని ఆమె నాకొక సంగతి చెప్పింది. చిన్నదే, వచ్చే నెలకు సంబంధించినది. ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకోలేదు. ఇది రుక్కుబాయికి ముందే తెలుసా అన్న ప్రశ్న నోటి దాకా వచ్చింది. అడగలేదు. ఆ సంగతి ఏమిటో ఇక్కడ రాయను.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పుడు అది రుక్కుబాయి ఒక్కతె మీద కాదు, ఆ చాప మీద కూర్చున్న పన్నెండు మంది మీదా ఉంది. ఎదుటి మనిషి బాధ లోపల ఏముందో తెలియకుండానే దాని పక్కన కూర్చోగల ఓపిక వాళ్లకుంది. సంగతి చెప్పకపోతే నమ్మకం లేదనీ, చెప్తే అది నా చేతికి వచ్చిన వస్తువనీ ఇన్నేళ్లూ అనుకున్న నాకు ఆ ఓపిక లేదు. మరుసటి శుక్రవారం మా సమాజంలో మామూలుగా నన్నే పెద్ద ప్రార్థనకు లేపారు. నాలుగు పేర్లు చెప్పి కూర్చున్నాను. ఇంకా ఉందనుకుని అందరూ చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు. ఇంట్లో మోకరించినప్పుడు మాటలు ఇప్పటికీ రావు. పేర్లు మాత్రం ఒకటి రెండు వస్తున్నాయి.

ఈ దారిన వెళ్లేవారికి ఒక సూచన. నిర్మల్‌లో సాయంత్రం ఐదు దాటితే కరీంనగర్‌కు నేరుగా వెళ్లే బస్సులు తగ్గిపోతాయి, కాబట్టి మూడింటికల్లా ఇచ్చోడ రోడ్డు మీద ఉండండి. కాని మిమ్మల్ని సాగనంపడానికి వచ్చినవారు ఏదో చెప్పబోయి ఆగితే, ఎదురుగా ఉన్న బస్సును వదిలేయండి. అరగంటలో ఇంకొకటి వస్తుంది.