నూట ఎనభై రెండో రోజు

చోడవరం బస్టాండు వెనక, ఇంటి ముందు గదిలోనే తాయారుకి టైలరింగు షాపుంది. జాకెట్టు కొలతలో పావంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పదీసే మనిషి. అలాంటిది మొగుడి విషయంలో ఒక్క రోజు తేడాని ఊరికే వదిలేస్తుందా?

మొగుడు జగ్గయ్య అబుదాబి దగ్గర సముద్రం మధ్య చమురు రిగ్గు మీద క్రేను నడుపుతాడు. ఇరవై ఎనిమిది రోజులు అక్కడ, ఇరవై ఎనిమిది రోజులు ఇంటి దగ్గర. చిక్కల్లా అనకాపల్లి ఆడిటరు చెప్పిన మాటతో వచ్చింది. ఏప్రిల్ నుంచి మార్చి లోపల ఇక్కడ నూట ఎనభై ఒక్క రోజులు దాటనంత కాలం జగ్గయ్య ఎన్నారై. అక్కడి జీతం జోలికి ఇక్కడి పన్ను రాదు. నూట ఎనభై రెండో రోజు కూడా ఇక్కడే తెల్లవారిందా, ఆ ఏడాది జీతమంతా పన్ను కిందికొస్తుంది. బయల్దేరే రోజు కూడా లెక్కలోదే.

"పన్నే మూడు లక్షల పైమాటేనమ్మా" అన్నాడు ఆడిటరు. మేడ మీద గది వేయడానికి తాయారు కూడబెట్టింది కూడా సుమారు అంతే.

ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు గల్ఫు మొగుడు ఎప్పుడొస్తాడా అని రోజులు లెక్కపెడితే, తాయారు ఎప్పుడు వెళతాడా అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఈ మార్చిలో లెక్క అంచుకొచ్చింది. కంపెనీ ఇచ్చిన టికెట్టు మంగళవారం సాయంత్రానికి. ఆ రోజుతో సరిగ్గా నూట ఎనభై ఒకటి. అది వినగానే అత్త అచ్చియ్యమ్మ చేయడ్డం పెట్టింది.

"మంగళారం పయనవేటే? మా ఇంటా వంటా నేదు."

దానికి విరుగుడూ ఆవిడ దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున్న మంచి ఘడియ చూసి, కొడుకు సూట్‌కేసుని ఎదురింటి సన్యాసమ్మ గదిలో పెట్టించింది. మంచి ఘడియలో పెట్టె గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. తర్వాత ఏ రోజు వెళ్ళినా దోషం లేదు. పెట్టె మాత్రం తిరిగి ఇంట్లోకి రాకూడదు.

అంతా బాగానే ఉంది గానీ, జగ్గయ్య బుర్రకి పదునెక్కువ. బుధవారం రోలుగుంటలో అమ్మవారి పండగ. స్నేహితులు రమ్మన్నారు. సోమవారం పొద్దున్న కాఫీకి కూర్చుంటూ బయటపెట్టాడు.

"ఒసే తాయారూ, పెట్టె ఆదారమే ఎల్లిపోయింది కదా. అంటే నేనూ ఎల్లిపోయినట్టే. బుధారం పండగ సూసుకుని గురువారానికి టికెట్టు మార్పించుకుంటాను. ఆడిటరుకి సెప్పీ."

"పాస్‌పోర్టు మీద ముద్దర కూడా ఆదారమే పడిపోయిందేటి?"

"ఎల్లినట్టేనని అమ్మే అంది కదా! పెద్దోళ్ళ మాట గవర్నమెంటు కాదంటాదా?"

అతని కోసం గ్లాసులో పోసిన కాఫీని తాయారు తనే తాగేసింది.

"ఏటే అది? నా కాఫీ!"

"ఎవరు బాబూ మీరు?" అంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అతన్ని 'మీరు' అనడం అదే మొదలు. "మా ఆయన ఆదారమే ఎల్లిపోయేడు. ఆయన ఊళ్ళో నేనప్పుడు మీరిలా ఇంట్లో కూకుంటే బాగోదు. ఎల్లిరండి."

జగ్గయ్య నవ్వాడు. మధ్యాహ్నం కంచాలు రెండే వేసేసరికి ఆ నవ్వు తగ్గింది.

"అమ్మా, నువ్వైనా సెప్పు."

అచ్చియ్యమ్మ ముద్ద మింగి ఆలోచించింది. కోడలి పక్షాన మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. కానీ ఇది ఆచారం సంగతి.

"నువ్వన్నది నిజవేరా. ఎల్లినోడు ఎల్లినట్టే ఉండాల. పెట్టె ఎక్కడుంటే మనిసి అక్కడ. సన్యాసమ్మ ఇంటికాడే తిని తొంగో."

సన్యాసమ్మకి సోమవారం ఉపవాసం. జగ్గయ్య చేతిలో ఒక అరటిపండు పెట్టి, "అబుదాబీలో ఎండలెలాగున్నాయి బాబూ?" అని అడిగింది. తాయారు ముందే చేరవేసినట్టుంది. జాకెట్లకి వచ్చినవాళ్ళు కూడా సన్యాసమ్మ అరుగు మీదున్న అతని ముందు ఆగి, "ఈడియో కాల్లో ఎంత దగ్గిరగా కనబడతన్నాడే!" అంటూ చేతులూపి పోయారు.

సాయంత్రానికి అతను సూట్‌కేసు మీదే కూర్చుని, ఆడిటరుకి తనే ఫోను చేశాడు. పెట్టె సంగతి ఘడియతో సహా వివరించాడు. ఆయన చాలాసేపు దగ్గాడు.

"జగ్గయ్య గారూ, పెట్టెతో మాకు పనిలేదు. మీరు ఏ తేదీన దేశం దాటారన్నదే కావాలి."

మంగళవారం మధ్యాహ్నం ఆటో ఎదురింటి ముందు ఆగింది. జగ్గయ్య సూట్‌కేసు ఎక్కించుకుని తనూ ఎక్కాడు. తాయారు రోడ్డు దాటి వచ్చి, పులిహోర క్యారేజీ అతని ఒళ్ళో పెట్టింది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు జగ్గయ్య.

"టికెట్టు తప్పితే సెప్తాను, ఎవరో" అంది తాయారు.

ఏడు కాకముందే ఫోటో వచ్చింది. పాస్‌పోర్టు పేజీ మీద మంగళవారం తేదీతో ముద్ర. తాయారు దాన్ని పెద్దది చేసి తేదీ రెండుసార్లు చదివి, ఆడిటరుకి పంపింది. అచ్చియ్యమ్మ పక్కకొచ్చి చూసింది.

"ఏప్రిల్లో వస్తాడు కదే. అప్పుడు లెక్క మళ్ళీ మొదటికేనా?"

"మొదటికే అత్తా."

"అయితే రెండ్రోజులు ఎక్కువ ఉంచుకోవచ్చా?"

"ఉంచుకో. మార్చి వచ్చిందంటే మాత్రం, పెట్టెతో పాటు నీ కొడుకుని కూడా గడప దాటించెయ్యి."