తిరగేసి చూడని కాగితం

భూతద్దం మొదట ఉల్లిపాయను అనుమానించింది. తర్వాత పాలను, గోధుమరొట్టెను, ఆపిల్ పండును అనుమానించింది. అవన్నీ మానేసినా కడుపునొప్పి మానకపోయేసరికి చివరికి అత్తగారిని అనుమానించింది. పద్నాలుగేళ్లుగా ఒకే వంటింట్లో ఒక్క మాటపట్టింపు లేకుండా మెలిగిన అత్తాకోడళ్లు వాళ్లు. ఇరుగుపొరుగు ఇళ్లలో గొడవలైతే “వాళ్లని చూసైనా నేర్చుకోండి” అని చూపించేది వీళ్లిద్దరినే. ఆ పద్నాలుగేళ్లనీ ఒక్క వెల్లుల్లి వాసన మీద పణంగా పెట్టింది ఆ మహాతల్లి.

భూతద్దం అనే పేరు ఆమెకు చొక్కాల ఫ్యాక్టరీలో వచ్చింది. కుట్టు మిషన్ల వరసలన్నీ దాటి, ప్యాకింగ్‌కు వెళ్లే ముందు చివరి బల్ల ఒకటి ఉంటుంది. నెత్తి మీద రెండు ట్యూబులైట్లు, ముందు తెల్లటి బల్ల, పక్కన ఎర్ర బాణం గుర్తుల స్టిక్కర్ల చుట్ట. చొక్కాలో తప్పు కనపడితే సరిగ్గా ఆ కుట్టు మీదే బాణం అంటించి వెనక్కి పంపాలి. పదకొండేళ్లుగా ఆ బల్ల ఆమెదే. తెగిన పోగు, అరనూలు పక్కకు జరిగిన గుండీ, లోపలివైపు ముడిపడ్డ దారం, ఏదీ ఆమె కన్ను దాటి పోయేది కాదు. కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒకటే. “తిరగేసి చూడకపోతే చూసినట్టే కాదు. పైన అందరూ బాగానే కుడతారు.”

చొక్కాల లెక్కకు కూడా ఆమెకొక పద్ధతి ఉంది. డజను చొక్కాలు పూర్తయితే ఒక పిప్పరమెంటు బిళ్ల నోట్లో వేసుకుంటుంది. గుడ్డ నూగుకు గొంతు పట్టేయకుండా ఉంటుంది, లెక్కా తెలుస్తుంది. బిళ్ల చుట్టిన కాగితం ఫ్యాక్టరీలో వేసుకునే కోటు జేబులోకి పోతుంది. సాయంత్రం జేబులోని కాగితాలు లెక్కపెట్టి పన్నెండుతో హెచ్చవేస్తే ఆనాటి పని తేలుతుంది. మిషన్ లెక్క తప్పినా ఆమె జేబు లెక్క తప్పదని సూపర్‌వైజరే ఒప్పుకున్నాడు.

అలాంటి మనిషికి రెండేళ్లుగా కడుపు చెప్పిన మాట వినడం లేదు. ఉన్నట్టుండి మెలిపెట్టేస్తుంది, ఉబ్బిపోతుంది, ఆపైన పరుగే. బాత్‌రూమ్ ఏమో కటింగ్ హాలుకు ఆ చివర. ఆమె లేచిందంటే కటింగ్ వాళ్లు కత్తెరలు పక్కన పెట్టి దారి ఇచ్చేవారు. ఆ దారి ఇవ్వడం చూస్తే ఆమెకు నొప్పి కంటే ఎక్కువ ఏడుపు వచ్చేది.

డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, “పుండు లేదు, గడ్డ లేదు. పేగులకి కాస్త కోపం ఎక్కువ, అంతే. దీన్ని ఐబీఎస్ అంటాం” అన్నాడు.

“ఏమీ లేకపోతే నన్ను పరిగెత్తిస్తున్నదెవరండీ?” అంది భూతద్దం. డాక్టరు మీద కూడా ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆయన ఆమెను డైట్ డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. డైట్ డాక్టరమ్మ ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టి, “ఇందులో వద్దన్నవన్నీ ఆరు వారాలు పూర్తిగా మానెయ్యండి. కడుపు తేరుకున్నాక ఒక్కొక్కటే మళ్లీ తిని చూద్దాం. ఏది పడట్లేదో అదే బయటపడుతుంది. నోట్లో పెట్టుకున్న ప్రతిదీ పుస్తకంలో రాయండి” అంది.

భూతద్దానికి ప్రాణం లేచొచ్చింది. ఇది తనకు తెలిసిన పనే. తప్పు పట్టాలి, బాణం అంటించాలి. ఇంటికి వస్తూనే కాగితాన్ని వంటింటి అలమర తలుపుకు నాలుగు మూలలా జిగురు రాసి అంటించేసింది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఎర్ర బాణాలు ఉల్లిపాయల బుట్టకు, పాల గిన్నెకు, పిండి డబ్బాకు, బీన్స్ గింజల సీసాకు ఎక్కాయి. సాయంత్రం పనినుంచి వచ్చిన మొగుడు వంటిల్లంతా కలయజూసి, “ఇంట్లో బాణం లేనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను” అన్నాడు. ఆమె నవ్వలేదు. అతన్ని ఎగాదిగా చూసింది.

వంట అత్తగారిది. ఆవిడ ఇరవై రెండేళ్లు పిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. రెండొందల మందికి వండినా ఒక్కనాడూ ఉప్పు రుచి చూసి ఎరగరు. గిన్నె మీదకి వంగి ఆవిరి పీల్చి, “చాల్లే” అనేవారు, అది సరిగ్గా చాలేది. కోడలి కొత్త తిండికోసం ఆవిడ వేరే గిన్నెలు, వేరే గరిటె, వేరే పొయ్యి పెట్టుకున్నారు. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా క్యారెట్టు, బంగాళాదుంప, గుడ్డు, అన్నం. వడ్డిస్తున్నప్పుడు మాత్రం మొహం చిన్నబోయేది. “పథ్యం సరే గానీ అమ్మాయ్, మరీ ఇంత చప్పగా ఎలా తింటావే” అని రోజూ ఒకసారి అనేవారు.

మూడు వారాలు గడిచాయి. పుస్తకం నిండుతోంది, కడుపు మాత్రం మారలేదు. భూతద్దం ఒక సాయంత్రం కూర్చుని పేజీలన్నీ వరసగా చూసింది. అప్పుడు కనపడింది ఆమెకు ఆ తేడా. ఆరు రోజులు నొప్పి, ఆదివారం లేదు. మళ్లీ ఆరు రోజులు నొప్పి, మళ్లీ ఆదివారం లేదు. ఆదివారం ఇంట్లో ఏముంది? ఏముందో కాదు, ఎవరు లేరు అన్నదే ప్రశ్న. ఆదివారం ఉదయమే అత్తగారు కూతురింటికి వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. ఆ రోజు వంట భూతద్దమే చేసుకుంటుంది.

ఆమె పుస్తకం మూసేసింది. ఛ, ఇదేం ఆలోచన అనుకుంది. కానీ ఆ రోజునుంచి అత్తగారు పొయ్యి దగ్గర నిలబడితే ఏదో పని కల్పించుకుని తనూ అటు వెళ్లేది. గరిటె కడిగారా లేదా చూసేది. మూతలు ఎత్తి చూసేది. ఆవిడ వెనక్కి తిరిగితే నీళ్లకోసం వచ్చినట్టు చటుక్కున గ్లాసు అందుకునేది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడట్లేదనుకుంటుందంటారు గానీ, అత్తగారు అన్నీ చూస్తూనే ఉన్నారు.

ఒక గురువారం ఫ్యాక్టరీలో బట్టలుతికే మిషను పాడై, ఎవరి కోట్లు వాళ్లు ఇంటికి తీసుకుపోవాల్సి వచ్చింది. భూతద్దానికి సాయంత్రం గంట మోగే వేళకే కడుపు తిప్పి, జేబు లెక్క కూడా చూసుకోకుండా బాత్‌రూమ్‌కి పరిగెత్తింది. ఇంటికొచ్చి కోటు బకెట్లో పడేసి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అత్తగారు కోటు ఉతికి ఆరేసి, కంచం పెట్టి కూర్చున్నారు. భూతద్దం మొదటి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది.

వెల్లుల్లి వాసన.

ఆమె లేచి వెళ్లి చెత్తబుట్ట తిరగేసింది. అడుగున, కాగితంలో పొట్లంలా చుట్టి, ఎర్రగా వేగిన వెల్లుల్లి రెబ్బలు ఆరు దొరికాయి. పొట్లం కట్టి మరీ దాచారు! తెచ్చి కంచం పక్కన పెట్టింది.

“అత్తయ్యా, ఇవేంటి?”

“వెల్లుల్లి రెబ్బలమ్మా. నీ కూరలో వెయ్యలేదు. నూనెలో వేయించి తీసేశాను, అంతే.”

“ఆ నూనె ఎందులో వేశారు?”

“నీ కూరలోనే. కానీ ఆ కాగితంలోనే ఉంది కదా అమ్మా...”

“కాగితం నేను రోజూ చదువుతున్నాను. వెల్లుల్లి వద్దనే ఉంది.”

“అది కాదమ్మా, ఇందాక నీ కోటు జేబులో...”

“మాట మార్చకండి. కోటు సంగతి ఇప్పుడెందుకు?” భూతద్దం గొంతు లేచింది. లేచిన గొంతుతోటే ఆ మాట కూడా వచ్చేసింది. “ఆదివారాలు మీరు ఇంట్లో లేనప్పుడు నాకు శుభ్రంగా ఉంటోంది. మీరున్న ఆరు రోజులూ ఎందుకు ఉండట్లేదు?”

మొగుడు తింటున్నవాడు తినడం ఆపేశాడు. అత్తగారు కోడలి మొహంలోకి చూశారు.

“అంటే నేను నీకు...” అన్నారు. తర్వాత రెబ్బల పొట్లం మూసి, మెల్లగా, “రెండొందల మంది పిల్లలు నా చేతి తిండి తిన్నారమ్మా. ఒక్కడు కడుపు పట్టుకుని పడుకోలేదు” అన్నారు.

తెల్లారి ఆవిడ నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని కూతురింటికి వెళ్లిపోయారు. గొడవ లేదు, శాపనార్థాలు లేవు. వెళ్తూ వెళ్తూ కోడలి గిన్నెలు కడిగి బోర్లించి మరీ వెళ్లారు. మొగుడు పెళ్లాంతో ఒక్కటే అన్నాడు. “రేపు నీకు నొప్పి తగ్గకపోతే అప్పుడు ఎవరికి అంటిస్తావు బాణం?”

నొప్పి తగ్గలేదు. శుక్రవారం తన చేత్తో ఉడకబెట్టుకున్న అన్నం, గుడ్డు తిని వెళ్తే మధ్యాహ్నానికి కటింగ్ వాళ్లు మళ్లీ దారి ఇచ్చారు. శనివారమూ అంతే. ఆదివారం లేదు. సోమవారం మూడుసార్లు. భూతద్దం పుస్తకంలో ఆ నాలుగు రోజులూ ఒకదాని కింద ఒకటి రాసి చూసుకుంది. అత్తగారు ఇంట్లో లేరు. నొప్పి ఉంది. అయినా అనుమానం అంత తేలిగ్గా చచ్చేదా? ఫ్యాక్టరీ నీళ్లను అనుమానించి మంగళవారం ఇంటి నీళ్లు సీసాలో పట్టుకెళ్లింది. ఏమీ లాభం లేదు.

ఆ సాయంత్రం వంటింట్లో నీరసంగా నిలబడితే కిటికీ గట్టు మీద చిన్న స్టీలు గిన్నె కనపడింది. ఉల్లిపాయల బుట్ట వెనక ఉండిపోయి ఇన్నాళ్లూ కంట పడలేదు. అందులో పిప్పరమెంటు కాగితాలు. గురువారం నాటి జేబు లెక్క. అత్తగారు కోటు ఉతికే ముందు తీసి, ఒక్కొక్కటీ విప్పి, ముడతలు చేత్తో సాపు చేసి పెట్టారు. మొదట భూతద్దానికి, ఆహా, నా జేబులు కూడా వెతుకుతున్నారన్నమాట అని కోపం వచ్చింది. తర్వాత పై కాగితం చేతిలోకి తీసుకుంది. రెండేళ్ల కింద పళ్ల డాక్టరు చక్కెర మానమంటే ఆమె చక్కెర లేని రకానికి మారింది. ఆ రోజునుంచి ఈ కాగితాలు కొన్ని వేలు విప్పి ఉంటుంది. ఒక్కటీ చదవలేదు. కింద, అంచున, సూది బెజ్జమంత అక్షరాల్లో రాసి ఉంది: ఎక్కువగా తింటే విరేచనాలు కావచ్చు.

గిన్నెలో ఇరవై ఆరు కాగితాలున్నాయి.

పుస్తకంలో ఆమె మంచినీళ్లు కూడా రాసింది. బిళ్లలు మాత్రం ఒక్కనాడూ రాయలేదు. ఎందుకు రాస్తుంది? అవి ఆమె లెక్కలో తిండి కాదు, కొలబద్ద. టైలరు మెడలో టేపు తింటాడా? ఆదివారం చొక్కాలు లేవు, కాబట్టి బిళ్లలు లేవు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అప్పుడు అత్తగారి మాట గుర్తొచ్చింది. కాగితంలోనే ఉంది కదా అమ్మా. తడిగుడ్డ పెట్టి అలమర తలుపు మీది కాగితాన్ని నిదానంగా ఊడదీసింది. మూలలు చిరిగాయి గానీ మధ్యలో బాగానే వచ్చింది. వెనకవైపు కూడా అచ్చు ఉంది. వెల్లుల్లి రుచి కావాలంటే నూనెలో వేయించి రెబ్బలు పూర్తిగా తీసేయండి, ఆ నూనె వాడుకోవచ్చు అని ఒక చోట. చక్కెర లేని పిప్పరమెంట్లు, చూయింగ్ గమ్ మానండి అని ఇంకో చోట. పదకొండేళ్లుగా తిరగేసి చూడకపోతే చూసినట్టే కాదని ఊరికి పాఠాలు చెప్పిన మనిషి ఆ కాగితాన్ని పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. కడుపు బాధకు రెండేళ్లలో అంత ఏడవలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆడపడుచు ఇంటికి వెళ్లింది. అత్తగారు మనవరాలి జడ వేస్తున్నారు. తల ఎత్తి, “కడుపు ఎలా ఉందమ్మా?” అన్నారు. మొదటి మాటే అది.

భూతద్దం ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. “తప్పయిపోయింది అత్తయ్యా. మీరు చెప్పబోతే విననైనా వినలేదు.”

“నువ్వు జిగురు వెతుక్కుంటున్నప్పుడే ఆ పథ్యం కాగితం రెండో వైపు చదివి రాసుకున్నాను. ఆ బిళ్లల్లో చక్కెర ఉందో లేదో నాకేం తెలుసు? ఆ రోజు బిళ్ల కాగితం చూస్తే అనుమానం వచ్చింది. అడుగుదామనుకున్నాను.” జడకు రిబ్బను ముడి వేసి, “అనుమానం నీకొక్కదానికే వస్తుందా ఏంటి” అని నవ్వారు. ఆడపడుచు నవ్వలేదు. గ్లాసుడు నీళ్లయినా ఇవ్వలేదు. అందులో తప్పేమీ లేదని భూతద్దానికి తెలుసు.

అత్తగారు ఆ సాయంత్రమే వచ్చేశారు. బిళ్లలు పోయి ఫ్యాక్టరీ కోటు జేబులోకి గుండీలు వచ్చాయి, డజనుకొకటి. పదిహేను రోజులకు కడుపు చాలామటుకు దారికొచ్చింది. తర్వాత ఒక్కొక్కటే తిని చూస్తే పాలు పడ్డాయి, రొట్టె పడింది, ఉల్లిపాయ ఎక్కువైతే మాత్రం పడలేదు. కటింగ్ వాళ్లు దారి ఇవ్వడం మర్చిపోయారు. వంటింట్లో బాణాలన్నీ గీకి పారేసింది భూతద్దం. మొగుడు కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

అంతా మునుపటిలాగే ఉంది, ఒక్కటి తప్ప. ఇప్పుడు అత్తగారు కోడలికి వడ్డించే ముందు ఆ గిన్నెలోంచే ఒక చెంచాడు తీసుకుని, ఆమె ఎదురుగా నిలబడి తింటారు. నమిలి, మింగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు వడ్డిస్తారు.

మొదటిరోజు భూతద్దం ఆవిడ చెయ్యి పట్టుకుంది. “అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఇదెందుకు?”

“ఏం లేదమ్మా. ఉప్పు చూస్తున్నాను” అన్నారు ఆవిడ.