మేము ఎంచుకున్న క్రీడాకారిణి

చిత్తూరులో నేను అప్రెంటిసుగా చేరిన లారీ వర్క్‌షాపుకు రెండు సందుల అవతల ఒక సెలూను ఉండేది. ఆదివారం పొద్దున అక్కడికి క్షవరానికి వచ్చేవాళ్ళకంటే మాటలకు వచ్చేవాళ్ళే ఎక్కువ. దానికి ఒకటే నియమం: కుర్చీలో కూర్చున్నవాడు నోరు తెరవకూడదు. పూర్వం ఎవరో ఎన్నికల గురించి వాదిస్తూ తల తిప్పి దవడ కోయించుకున్నాడట. ఎంత మాటైనా సరే, కత్తి పక్కన పెట్టాకే అనేవాడు యజమాని.

ఎనభైల నడుమ ఒక ఏడాది చివర్లో ఒక వారపత్రిక పాఠకులకు పోటీ పెట్టింది. దేశం మొత్తంలో ఆ ఏటి మేటి క్రీడాకారుడి బిరుదు ఎవరికి ఇవ్వాలి? పత్రికలోని కూపను కత్తిరించి పేరు రాసి పంపాలి. ఎందుకో చెబుతూ ఉత్తరం కూడా రాయవచ్చు. అన్నింట్లో బాగున్న ఉత్తరాన్ని, రాసినవాళ్ళ పేరుతో అచ్చువేస్తారు.

మూడు ఆదివారాలు సెలూనులో అదే గొడవ. చివరికి ముగ్గురు మిగిలారు: ఒక బ్యాట్స్‌మన్, ఒక హాకీ గోల్‌కీపరు, బయటి దేశంలో పరుగు పందెం గెలిచి వచ్చిన ఒక అమ్మాయి. బ్యాట్స్‌మన్ తరఫున గట్టిగా మాట్లాడింది నా స్నేహితుడు. పాలిటెక్నిక్‌లో నాది మెకానికల్, వాడిది సివిల్. మూడేళ్ళు ఒకే బెంచీ, చిత్తూరు వచ్చాక ఒకే అద్దెగది. నేను పరుగు పందెం అమ్మాయి వైపు.

నాకు నోటితో వాదించడం రాదు. అందుకని గ్రాఫు కాగితం మీద పట్టిక గీసుకుని పోయాను. ఆట ఎంత కష్టం, ఒంటరిగా ఆడాలా పదిమంది తోడుంటారా, నేర్పేవాళ్ళు ఉన్నారా, మైదానం ఉందా, ఇంట్లోవాళ్ళు పంపించారా. ఒక్కోదానికి పది మార్కులు. మొదట అందరూ నవ్వారు.

“మనిషికి మార్కులేస్తావేమప్పా, ఇదేమన్నా బోల్టా?” అన్నాడు నా స్నేహితుడు.

యజమాని నురగ కలుపుతూ, రేపు గడ్డానికి కూడా స్కేలు పెడతాడీయన అన్నాడు. కానీ నవ్వడం అయ్యాక ఒక్కొక్క గడీ వాళ్ళే నింపారు. కడపటి గడి దగ్గర గోల్‌కీపరు తరఫున వాదించే మనిషి కూడా మెత్తబడ్డాడు. మగపిల్లోణ్ణి ఆటకు పోవద్దని ఎవరంటారులే అన్నాడు. అమ్మాయే గెలిచింది. ఆమె పేరు మీద పద్నాలుగు కూపన్లు పోగయ్యాయి. ఓడిపోయినానప్పా అని నా స్నేహితుడే ముందు ఒప్పుకున్నాడు.

ఆ కడపటి గడి నేను ఎందుకు పెట్టానో సెలూనులో ఎవరికీ తెలియదు. మాది ఐరాల దగ్గర పల్లె. నా చెల్లెలు హైస్కూల్లో పరుగెత్తేది. ఒకసారి కాలు బెణికితే, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. ఆ కట్టు విప్పిన నెలకే, బొటనవేలికి పసుపు గుడ్డ చుట్టుకుని, చెప్పులు కూడా లేకుండా జిల్లా పోటీల్లో పరుగెత్తి మొదట వచ్చింది. రాష్ట్ర పోటీలకు పేరు వచ్చింది. నిక్కరు వేసుకుని ఊరుగాని ఊర్లో వారం దినాలు ఉండాలని తెలిసి నాయన వద్దన్నాడు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. చెల్లెలు నా ముఖం చూసింది. నేను తలొంచుకుని అన్నం తిన్నాను.

అందుకే ఉత్తరంలో ఐదు కారణాలు రాసి, ఆరోదిగా చెల్లెలి సంగతి రాశాను. పేరు రాయలేదు, ‘మా ఊరి అమ్మాయి ఒకతె’ అని మాత్రమే. ఊరికి పోయినప్పుడు చెల్లెలికి మాత్రం చెప్పాను, నీ పరుగు అచ్చులో వస్తుందని. నిజంగానా అని రెండుసార్లు అడిగింది. ఆ ‘అమ్మాయి’ ఎవరో నా స్నేహితుడికి కూడా చెప్పాను. వాడి దస్తూరి ముత్యాలు. నాది డ్రాయింగు షీటు మీద అక్షరాల్లా విడివిడిగా ఉంటుంది. తానే తిరగరాసి కూపన్లతో కలిపి పోస్టు చేస్తానని వాడు అంటే, సంతోషంగా ఇచ్చాను. నకలు పెట్టుకోలేదు. వర్క్‌షాపులో అయితే చిన్న నట్టు తీసినా రాసిపెట్టుకునేవాణ్ణి.

ఫలితాలు వచ్చిన ఆదివారం నా వంతు. ముఖానికి నురగ, గొంతు మీద కత్తి. వెనక బల్ల మీద గోల్‌కీపరు మనిషి పత్రిక తెరిచి, బ్యాట్స్‌మన్ గెలిచినాడు అన్నాడు. ఆ వెంటనే, ఒరే మనోడి ఉత్తరం పడిందిరా అని నా స్నేహితుడి పేరు చదివాడు.

ఐదు కారణాలూ నావే, అదే వరసలో. ప్రతిచోటా అమ్మాయి బదులు బ్యాట్స్‌మన్. ఒంటరిగా అన్నచోట ‘జట్టు కూలినప్పుడు ఒంటరిగా’ అని అతికించాడు. ఆరోది వచ్చింది. మా ఊరి పిల్లవాడొకడు పుత్తూరు కట్టు విప్పిన నెలకే, బొటనవేలికి పసుపు గుడ్డ చుట్టుకుని, బ్యాటు పట్టాడట.

అద్దంలో నా స్నేహితుడు కనిపిస్తున్నాడు. నా వైపు చూడకుండా క్యాలెండరు చూస్తున్నాడు. నేను కదలబోతే యజమాని నా నెత్తి పట్టుకుని, కదలొద్దప్పా అన్నాడు. అందరూ వాడి వీపు తడుతున్నారు. అమ్మాయి అనుకుంటిమే, మారిందేమి అని ఎవరో అడిగితే, బాగా ఆలోచించి మార్చినానని చెప్పాడు. ఎవరూ మళ్ళీ అడగలేదు. నేను కుర్చీ దిగేసరికి వాడు వెళ్ళిపోయాడు.

బస్టాండులో పట్టుకున్నాను. కూపన్ల మీద కూడా మార్చావా అని అడిగాను. పద్నాలుగూ మార్చానన్నాడు. ఎందుకని అడిగాను.

“ఆ పిల్లకు ఎవురు ఓటేస్తారప్పా? ఊరికే పారేసినట్లయితాది. పైగా నీకు మేలే చేసినా. మీ నాయన సదివుంటే గుడ్డ, కట్టు సూసి కనుక్కోడా?”

రాత్రిళ్ళు గదిలో పడుకుని నేను వాడితో చెప్పుకున్న భయాన్నే వాడు నాకు తిరిగి ఇచ్చాడు. నేను బయటపెట్టలేనని వాడికి ముందే తెలుసు.

మధ్యాహ్నం బస్సుకు పల్లెకు పోయాను. పత్రిక దాచుకుపోదామనుకున్నాను, కానీ చెల్లెలు గడపలోనే చెయ్యి చాపింది. పశువుల కొట్టం వెనక నిలబడి చదివింది. మెల్లగా, వేలు పెట్టి చదివింది. ఆరో కారణం దగ్గర ఆగింది.

“ఇది నేనే కదన్నా?”

అవునన్నాను. జరిగింది చెప్పాను. సెలూనులో అందరి ముందరా చదివినప్పుడు నువ్వేమన్నావని అడిగింది. కుర్చీలో ఉన్నానని చెప్పాను. దిగినాక అని అడిగింది. వాడు అప్పటికే వెళ్ళిపోయాడన్నాను.

“మిగిలినోళ్ళు ఉండారు కదా.”

ఆమె కోపంగా లేదు. పత్రికవాళ్ళకు రాయన్నా, నా పేరే రాయి, స్కూల్లో సర్టిఫికెట్ ఉండాది, నేనే సాక్ష్యం అంది. నాయనకు తెలుస్తుందే అన్నాను. తెలవనీ అంది.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని కాగితం తీశాను. పత్రికకు అని మొదలుపెట్టి కొట్టేశాను. కింద అంకెలు వేశాను. ఒకటి, నకలు లేదు. రెండు, దస్తూరి వాడిది. మూడు, బిరుదు ఇచ్చేశారు, ఇక మారదు. నాలుగు, నాయన. రాయకూడదనడానికి ఏడు కారణాలు వచ్చాయి. అన్నీ సరైనవే.

చెల్లెలు నా భుజం మీదుగా చూసి, రాయకూడదని ఏడు రాసినావు, రాయాలని ఒకటన్నా రాయలేదే అంది. ఎనిమిదో అంకె వేసి, దాని పక్కన ఏమీ రాయలేక ఆగిపోయాను. ఆమె పొయ్యి రాజెయ్యడానికి లోపలికి పోయింది. ఆ తర్వాత పరుగు మాట నా దగ్గర ఎత్తలేదు.