ముందు సీట్లో రాగిబిందె

ఆ రోజుల్లో కొత్తగా పెళ్ళయిన మొగుడూ పెళ్ళాం నాలుగు మాటలు చెప్పుకోవాలంటే ముందు ఇంట్లో వాళ్ళందరూ నిద్రపోవాలి. మా చుట్టాల్లో నిద్రపోయే అలవాటు ఎవరికీ లేదు. ఇప్పుడు మా మనవరాలు కాబోయేవాడితో గంటలు గంటలు ఫోన్లో మాట్లాడుతుంటే, ‘ఇంకా ఏం మిగిలిందే చెప్పుకోడానికి’ అని వేళాకోళం చేస్తాను గానీ, లోపల కొంచెం కుళ్ళు కూడా ఉంది. నేనూ పెళ్ళయిన కొత్తలో ఆయనతో కలిసి ఊళ్ళు తిరిగాను. బండి మీదా కాదు, బస్సులోనూ కాదు, విమానంలో. తిరిగినన్నాళ్ళూ ఆయనతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

మా నాన్నగారిది బరంపురంలో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. ఏరికోరి తెచ్చుకున్న అల్లుడేమో ఎక్కడో దూరాన పట్నంలో కుర్రాళ్ళకి విమానం నడపడం నేర్పే ఉద్యోగస్తుడు. పెళ్ళయ్యాక కొత్త అల్లుడు చుట్టాలిళ్ళకి విందులకి వెళ్ళాలి, ఒక్కో ఇంట్లో ఒక్కో రాత్రి ఉండాలి, వాళ్ళు పెట్టిన బట్టలూ సారే పుచ్చుకోవాలి. అలా బండ్ల మీదా బస్సుల మీదా తిరిగితే ఆయన సెలవు కాస్తా హరించుకుపోతుంది. అందుకని పైవాళ్ళని బతిమాలి ఓ చిన్న విమానం తెచ్చుకున్నారు. (విమానం అనగానే పెద్దదనుకునేరు. గుడ్డ తొడిగిన రెక్కలు, ముందు రెండు సీట్లు, వెనక ఒకటి. గట్టిగా తుమ్మితే ఊగేది.) మా బజారులో ఏ అల్లుడూ అలా దిగలేదని నాన్నగారు వారం రోజులపాటు తరాజు ముందు నిలబడలేదు, విమానం దిగిన రంగైలుండ మైదానంలోనే ఉన్నారు.

అసలు నా బాధ వేరే ఉంది. పెళ్ళి పందిట్లో మగపెళ్ళివారి తరఫు ఒకావిడ పక్కావిడతో అంటుంటే నా చెవిని పడింది, ‘కుర్రాడు ఇప్పుడే పెళ్ళి వద్దంటే, తల్లి అన్నం మానేసి ఒప్పించింది’ అని. అది విన్నప్పటినుంచీ నాకు తిండి సయించలేదు. నన్ను ఇష్టపడి చేసుకున్నారా, తల్లి అన్నం తినాలని చేసుకున్నారా? ఈ ఒక్క ముక్కా ఆయన్నే అడిగెయ్యాలి. శోభనానికి ముహూర్తం మళ్ళీ సెలవుకే అన్నారు. విందులు కాగానే ఆయన విమానంతో సహా వెళ్ళిపోతారు. అంటే నాకున్నది ఈ ప్రయాణమే.

శోభనం కాని జంట కదా, సరిగ్గా అందుకే మా పెద్దత్తని తోడు పంపారు. నాన్నగారి అక్క. మనిషి భారీ, మాట అంతకంటే భారీ. నేను ఆశగా ముందు సీటు వైపు అడుగు వేశానో లేదో, “ఏటే, నలుగురూ సూస్తుండగా మొగుడి పక్కన కూకుంటావేటి? ఎనక్కి ఎల్లు” అని తను ముందెక్కి కూచుంది. నేను వెనక మూటల మధ్య ఇరుక్కున్నాను. ఆకాశంలో నలుగురూ ఎక్కడినుంచి వస్తారని అడిగే ధైర్యం నాకెక్కడిది! ఆ ప్రయాణంలో నేను చూసిందల్లా మా ఆయన మెడ వెనక భాగం. మా పెద్దత్త మాత్రం ఇంజను హోరు మించి అరుస్తూ రిక్షావాడికి చెప్పినట్టే దారి చెప్పేది. “అల్లుడుబాబూ, ఆ తోట మా మరిదిది. కూసింత కిందకి దించండి, కాయలు దించీసేరో లేదో సూస్తాను.” ఆయన పాపం దించేవారు.

మొదటి రాత్రి ఛత్రపూర్‌లో, కోర్టు దగ్గర కాపురముండే మా చిన్నాన్న ఇంట్లో. మా ఆయన్ని మగవాళ్ళందరూ అరుగు మీద కూచోబెట్టుకుని, విమానం వెనక్కి ఎందుకు నడవదో తెల్లవార్లూ విచారణ చేశారు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య. పొద్దున్న అరిసెల డబ్బా, మొగలిపూల బుట్ట ఎక్కాయి. తరవాత మా వైపు సముద్రపొడ్డున ఉన్న రామయ్యపట్నం దగ్గర, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు గట్టిపడిన ఇసక మీద దిగాం. అక్కడి చుట్టాలు జీడిపప్పు బస్తా, రెండు పనసపళ్ళు ఎక్కించారు. వద్దనడానికి లేదు, సారె కాదంటే పెట్టినవాళ్ళని కాదన్నట్టే. ఆయన ఎక్కే ముందు ప్రతి మూటనీ చేత్తో లేపి చూసి, చక్రాల వైపు ఓసారి, సముద్రం వైపు ఓసారి చూసేవారు. ఇసక పొడుగ్గా ఉండబట్టి ఎలాగో లేచాం. నేను మాత్రం ఆ ముఖం చూసి, ఈ సంబంధం ఎందుకు చేసుకున్నానా అనుకుంటున్నారని నిశ్చయించుకున్నాను.

ఆఖరి మకాం ఆంధ్రా సరిహద్దు దగ్గర మా ఇంకో బాబాయి ఊరు. కోత అయిపోయిన పొలంలో దిగాం. రాత్రంతా మామూలే. తెల్లారి బాబాయి మురిసిపోతూ నిలువెత్తు రాగిబిందె తెచ్చాడు, దాని నిండా చలిమిడి. మా ఆయన ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా పొలమంతా నడిచి వచ్చి, చాలా మెల్లిగా, “బాబాయిగారూ, పొలం పొట్టి. ఇంత బరువుతో లేవదండి. సామానైనా ఉండిపోవాలి, ఒక మనిషైనా దిగిపోవాలి” అన్నారు. బాబాయి ముఖం మాడిపోయింది. “పసుపు రాసి ఇచ్చిన బిందె ఎనక్కి తిరిగొస్తాదేటి బాబూ? నలుగుర్లో నా పరువేటవ్వాలి?” అన్నాడు.

అప్పుడు మా పెద్దత్త గుండెల మీద చెయ్యి వేసుకుని, “సారె ఆగిపోడానికి ఈల్లేదు. నేను దిగిపోతాను” అంది. దేవుడా, ఇన్నాళ్ళకి! ముందు సీటు, ఆయనా, నేనూ! ఒక్క క్షణమే. “ఒక్కదాన్ని ఎలా పంపుతాం? ఇదీ నాతోటే దిగుతాది. బస్సుకొచ్చీస్తాం” అని ముగించింది. ఆయన నోరు తెరిచారు, పెద్దత్త ముఖం చూసి మూసేశారు. నేను కలలుగన్న ముందు సీట్లో రాగిబిందెని కూచోబెట్టి, దొర్లకుండా నాకు పెట్టిన పట్టుచీరే చుట్టి తాళ్ళతో కట్టారు. దూరంనుంచి చూస్తే అచ్చం పెళ్ళికూతురే. ఆ బిందె మీద నాకు పుట్టిన అసూయ ఏ ఆడదాని మీదా పుట్టలేదు. విమానం అనాయాసంగా లేచిపోయింది. పీడా వదిలిందనుకుని ఉంటారు అనుకున్నాను.

బరంపురం బస్సెక్కి కిటికీ పక్కన కూచుని, కళ్ళ నీళ్ళకి నేరం దుమ్ము మీదికి నెట్టేస్తున్నాను. కొంతదూరం వెళ్ళామో లేదో నెత్తిమీద హోరు. కండక్టరు తల బయటపెట్టి “ఆరే, ఉడాజహాజ్!” అని ఒరియాలో అరిచాడు, విమానమని. అప్పటికి ఎప్పుడో ఇల్లు చేరిపోయి ఉండాల్సిన విమానం మా బస్సు మీద చుట్టూ తిరుగుతోంది. ముందుకి వెళుతుంది, మళ్ళీ వెనక్కొస్తుంది. బస్సు బస్సంతా కిటికీల్లోంచి వేలాడింది. నా పక్కన గంప పెట్టుకుని కూచున్న ముసలమ్మ, “ఎవులే పిల్లా ఆడు, మన్ని ఒగ్గట్లేదు?” అంది. పేరు చెప్పకూడదాయె. సిగ్గుతో చచ్చిపోతూ, “మా ఆయన” అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

మా పెద్దత్త నా కొంగు లాగి తల మీద కప్పుతుందని బిగుసుకుని కూచున్నాను. ఆవిడ కాసేపు పైకి చూసింది, కాసేపు నన్ను చూసింది. “సెయ్యి ఊపవే పిచ్చి మొకమా. నువ్వూపేదాకా ఎల్లేలా లేడు, పెట్రోలు దండగ” అంది. భుజం దాకా చెయ్యి బయటపెట్టి, గాజులు విరిగిపోతాయేమో అన్నంతగా ఊపాను. విమానం ఒక రెక్క వంచి, తిన్నగా బరంపురం వైపు పోయింది.

మర్నాడే ఆయన వెళ్ళిపోయారు. నా ప్రశ్న అడిగే వీలు చిక్కలేదు. తరవాత కావలసినన్ని ఏళ్ళు వీలు చిక్కింది, అడగాల్సిన పని కనబడలేదు. ఆ రోజు బస్సు మీద ఎందుకు తిరిగారంటే మాత్రం ఈనాటికీ ఒప్పుకోరు. పేపరు దించకుండానే, “విమానంలో సామాను సరిగ్గా సర్దారో లేదో తిప్పి చూసుకున్నాను” అంటారు. అలాగే కానిమ్మంటాను. అనవసరంగా అన్ని రోజులు తిండి మానేసి ఏడ్చిన ఆ వెర్రిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. భుజం నొప్పితో ఇప్పుడా చెయ్యి అంత ఎత్తుకి లేవదు. లేవకపోతేనేం, ఆయన పక్క కుర్చీలోనే ఉన్నారు.