ఒడిబియ్యంతో విమానం ఎక్కిన అక్క

మొన్న మా మనవరాలు సెలవులకు బాలి వెళ్తూ, కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ హాల్లో ఓ చిన్న పెట్టె ముందేసుకుని, బట్టలన్నీ చుట్టలు చుట్టి సర్ది, కొక్కేనికి తగిలించి తూకం చూసుకుని, అరగంటలో జిప్పు లాగేసింది. విదేశీ ప్రయాణమంటే ఇంతేనా అని నోరు తెరుచుకుని చూస్తున్న నాకు, మా అక్క ప్రయాణం గుర్తొచ్చింది.

డెబ్బైల నాటి మాట. ఈ కొండాపూర్ పక్కనే ఉన్న మా ఊరు కొత్తగూడ అంటే అప్పుడు కాసిని పెంకుటిళ్లు, జొన్నచేలు, బండరాళ్లు. శిక్షణకని జర్మనీ వెళ్లిన మా బావ, సెలవులు దొరికాయి, నెల్లాళ్లు తిరిగి చూద్దువుగాని రమ్మని అక్కకు టికెట్టు పంపాడు. అక్కడ చలి ఎముకలు కొరికేస్తుంది, ఉన్నిబట్టలు తప్ప ఏమీ తేవద్దని మరీ మరీ చెప్పాడు. ఎవరు వింటారు చెప్పండి! పెళ్లయి ఏళ్లు గడిచినా అక్క కడుపు పండలేదు. మా అమ్మకు అదే దిగులు, అదే ఏడుపు. మొగుడి దగ్గరికి వెళ్లే బిడ్డను ఒట్టి ఒడితో పంపితే ఇక ఎప్పటికీ పండదని పట్టుబట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు అక్క ఒడి నిండా పోసింది. ఆ ఒడిబియ్యం దారిలో వదలకూడదు, మొగుడింట్లోనే వండాలి. మూటగట్టి పెట్టె అడుగున పెట్టాం.

బేగంపేటలో బొంబాయి విమానానికి పెట్టె తూచినతను తల అడ్డంగా ఊపాడు. బరువెక్కువైంది, తీసేయండన్నాడు. అదనం కట్టే స్తోమత మాకెక్కడిది? ఆ కాలపు పెట్టెలు మీకు తెలియనివా, ఖాళీవే మోయలేం. కోటు తీసి అక్కకు తొడిగాం, చెప్పులు తీశాం, చీరలు తీశాం, ఆ పాడు ముల్లు దిగదే! ఇక మిగిలింది బియ్యం మూట. దానిమీద నేను చెయ్యి వేశానో లేదో, అమ్మ పెట్టెమీద పడిపోయి, "బియ్యం తీస్తే నా బిడ్డ బతుకు తీసినట్టే సారూ, జర దయ చూడు, నీ కాళ్లు మొక్కుత" అని నలుగురిలో గొల్లుమంది. సిగ్గుతో, భయంతో నా ప్రాణం సగం చచ్చింది. విమానం వేళ అయిపోతోంది.

అక్క మూట విప్పి, బియ్యమంతా కొంగులో పోసుకుని, నడుముకు బిగించి కట్టి, పైన కోటు గుండీలు పెట్టుకుంది.

"ఏడ్వకే అమ్మా, ఒడిబియ్యం ఒడిలనే పోతది, ఇగ ఫికర్ చెయ్యకు" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మేము విమానాలు కనిపించే కటకటాల దగ్గర నిలబడ్డాం. విమానంలో పనిచేసే అమ్మాయి అక్కను చూసి, నిండు చూలాలనుకుందో ఏమో, గబగబా మెట్లు దిగొచ్చి మోచెయ్యి పట్టుకుని అందరికంటే ముందు ఎక్కించింది. ఒక చెయ్యి నడుముమీద, ఒక చెయ్యి బియ్యం కింద వేసుకుని అక్క భారంగా ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, అమ్మ ఏడుపు ఆపి రెప్ప వేయకుండా చూసింది.

ఇప్పుడు శంషాబాద్‌లో తలుపు బయటే చెయ్యి ఊపి వెనుదిరగాలి. విమానం ఎక్కేవాళ్లను కళ్లారా చూసే యోగం ఎవరికీ లేదు. అక్కకు చివరిదాకా పిల్లలు కలగలేదు. బిడ్డను కడుపుతో చూడాలని మొక్కని దేవుడు లేని మా అమ్మ, ఆ మెట్లమీద చూసుకున్నదే చూసుకున్నది.