చేపల తొట్టి కిందికి వెళ్ళిన టేకు

ధవళేశ్వరం వర్క్‌షాపులో వడ్రంగి వీరాస్వామికి ఒకటే దిగులు. తను చేసిందేదీ ఎవరి కంటా పడదు. ఆనకట్ట పుణ్యమా అని కాలువలు వచ్చాయి, కాలువలకి నీళ్ళని ఆపి వదిలే లాకులు వచ్చాయి, ఆ లాకులకి తలుపులు కావాలి. తలుపులు చెయ్యడంలో వీరాస్వామిని మించినవాడు గోదావరికి ఇవతలా లేడు, అవతలా లేడు. కానీ లాకు తలుపు బతుకంతా నీళ్ళలోనే. బిగించిన రోజున పదిమందీ నిలబడి చూస్తారు, ఆనక నీళ్ళు వదులుతారు, అంతే సంగతులు. పడవల మీద పోయేవాళ్ళు గట్టు మీది చెట్లని మెచ్చుకుంటారు, లాకు దగ్గర కూర్చున్న ఉద్యోగి తలపాగాని మెచ్చుకుంటారు. పీకల్లోతు నీళ్ళలో నిలబడి అంత కాలువనీ ఆపుతున్న తలుపుని మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు. "మన పనితనం చేపలు చూడాలంతే" అనేవాడు వీరాస్వామి. నవ్వుతూనే అనేవాడు గానీ, లోపల మాత్రం అది అతనికి నవ్వులాట కాదు.

మనిషి మంచివాడే. తాగడు, ఒకరి జోలికి పోడు. ఉన్నదల్లా చేతిపని మీద గర్వం. గర్వం ఉన్న మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, ఆ గర్వం బరువు వాళ్ళు మొయ్యరు, ఇంట్లోవాళ్ళు మోస్తారు. వీరాస్వామి ఇంట్లో మోసేది అతని భార్య బుల్లెమ్మ. మేనమామ కూతురే. పిల్లాజెల్లా లేరు, ఒకరికొకరు అన్నట్టుండేవారు.

వాళ్ళ ఇల్లు కాలువ గట్టు వెనక పల్లంలో ఉండేది. వానాకాలం వచ్చిందంటే మట్టి నేల చెమ్మ ఊరేది. రాత్రి చాప పరుచుకుని పడుకుంటే తెల్లారేసరికి చాప కింద తడి తగిలేది. వయసులో ఉన్నన్నాళ్ళూ బుల్లెమ్మకి తెలియలేదు. తరవాత తరవాత మోకాళ్ళు వాచి, నడుం పట్టేసి, పొద్దున్నే గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయేది.

"బావా, ఓ మంచం కొట్టియ్యకూడదూ?" అని అడిగింది.

నులక మంచమంటే వీరాస్వామికి ఎంతసేపు! వీధిలో ఎవరడిగినా పొద్దున మొదలెట్టి పొద్దు వాలేసరికి చేతిలో పెట్టేవాడు. కానీ తన పెళ్ళానికి నులక మంచమా?

"వర్క్‌షాపు వీరాస్వామి పెళ్ళాం నులక మంచం మీద పడుకుందంటే నా పరువేం గాను? నీకు టేకు పట్టెమంచం చేస్తానే. కాళ్ళకి పద్మాలు చెక్కి, ఇంతెత్తున చేస్తాను చూడు."

"నాకు పద్మాలెందుకు బావా? నేలకి జానెడెత్తుంటే చాలు" అంది బుల్లెమ్మ. చాలంటే వినే మనిషి కాదు వీరాస్వామి.

ఆ టేకుని చివరికి గోదావరే ఇచ్చింది. ఆషాఢంలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు పై అడవుల నుంచి చెట్లూ దుంగలూ కొట్టుకొస్తాయి. గట్టు మీద జనం తాళ్ళు పట్టుకుని కాచుకుని ఉంటారు. దొరికింది దొరికినవాడిది. ఒకనాడు పెద్ద టేకు దుంగ రావడం చూసి వీరాస్వామి చిన్న పడవ వేసుకుని వెళ్ళి తాడు బిగించాడు. తాడు రెండో కొస గట్టు మీద బుల్లెమ్మ చేతిలో ఉంది. ఆమె దాన్ని తాడిచెట్టుకి చుట్టు తిప్పి, మడమలు బురదలో దిగేసుకుని నిలబడింది. వరద లాగుతుంటే తాడు జారి అరచేతుల తోలు ఊడొచ్చింది. అయినా వదల్లేదు. దుంగ ఒడ్డున పడ్డాక వీరాస్వామి గొడ్డలి వెనక్కి తిప్పి దాన్ని కొట్టి, చప్పుడు విని, "మేలైన టేకే! నీ మంచం వచ్చేసిందే!" అని కేక పెట్టాడు. బుల్లెమ్మ చేతులు చూసుకోనైనా లేదు. దుంగ మీద చతికిలబడి పగలబడి నవ్వింది.

దుంగని కోయించి కొయ్యంతా పంచలో పేర్చారు. కొయ్య ఆరాలన్నాడు వీరాస్వామి. ఆరింది. లాకు పని మీద ఉన్నానన్నాడు. ఆ పనీ అయింది. వానలు వెళ్ళాక అన్నాడు, ఎండలు తగ్గాక అన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా? బుల్లెమ్మ మాత్రం ఆ కొయ్యకి చెద పట్టకుండా వేపనూనె రాస్తూ, బూజు దులుపుతూ కనిపెట్టుకుని ఉండేది. పక్కింటి సూరమ్మ వస్తే, "ఇదిగో వదినా, ఇది తలవైపు పట్టె, ఇవి కాళ్ళు" అని ఇంకా పుట్టని మంచాన్ని చూపించేది.

ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన ఇంజినీరు దొరకి చేపల సరదా. తినే సరదా కాదు, చూసే సరదా. ఇంగ్లండు సీమ నుంచి పెద్ద గాజు తొట్టి తెప్పించాడు. ఓడలో కాకినాడ దాకా, అక్కడి నుంచి కాలువ పడవలో గడ్డి మధ్య పెట్టుకుని ధవళేశ్వరం దాకా తెచ్చారు. నాలుగు పక్కలా మందపాటి గాజు, అంచులకి ఇనుము, అడుగున నల్ల పలకరాయి. ఓ మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు అందులో. "చేపని పులుసు పెట్టుకోవాలి గానీ, అద్దాల మేడ కట్టి కూర్చోబెట్టడమేంటండీ బాబూ!" అని ఊరంతా నవ్వుకుంది.

తొట్టిని బంగళాలో బల్ల మీద పెట్టి నీళ్ళు పోస్తుంటే, సగం నిండకుండానే బల్ల కాళ్ళు కిర్రుమన్నాయి. దొర కంగారుపడి నీళ్ళు తోడించేశాడు. ఆఫీసు రైటరు భాస్కరం వీరాస్వామిని పిలిపించాడు.

"తొట్టికి స్టాండు కావాలట వీరాస్వామీ. కదలకూడదు, ఒరగకూడదు. నీకే అప్పగించమన్నారు దొరగారు. స్టోరులో కొయ్య చూసుకో."

వీరాస్వామి వెళ్ళి చూసొచ్చాడు. "అదంతా పచ్చి కొయ్యండి. నీళ్ళ బరువంటే మాటలు కాదండి. ఆ కొయ్యతో చేస్తే ఏడాది తిరక్కుండా వంకర పోద్ది, తొట్టి పగిలిపోద్దండి."

"అయితే ఆరిన కొయ్య వచ్చేదాకా ఆగుదాం. దొరగారికేం తొందర లేదు. చేపలేమన్నా గోదాట్లోంచి పారిపోతాయా?"

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కానీ వీరాస్వామి కళ్ళ ముందు అప్పటికే బంగళా హాలు కనపడుతోంది. రాజమహేంద్రవరం నుంచి పెద్దమనుషులు వస్తారు, కాకినాడ నుంచి దొరలు వస్తారు. తొట్టిని చూసిన ప్రతివాడూ దాని కింద స్టాండుని చూస్తాడు. జన్మకి ఒక్కసారి తన పని నీళ్ళ అడుగున కాక, నీళ్ళని నెత్తిన పెట్టుకుని నలుగురి ఎదుటా నిలబడుతుంది. "మా ఇంట్లో ఆరిన టేకు ఉందండి" అనేశాడు.

ఇంటికి వెళ్ళి బుల్లెమ్మకి చెప్పాడు. బదులు కొయ్య స్టోరు నుంచి ఇస్తారన్నాడు. ఆమె చేతిలో చేట పక్కన పెట్టింది.

"అది మళ్ళీ ఆరాలా బావా?"

"ఎంతసేపే! రెండు వేసవులు కళ్ళు మూసుకుంటే పోతాయి."

"సరే. నీకంత ముచ్చటగా ఉంటే చెయ్యి" అంది.

కాదంటే మానుకునేవాడేమో. కాదనని మనిషికే మనం అన్యాయం చేసేది. తెల్లారి కొయ్య బండెక్కింది.

పని మాత్రం నిజంగా గొప్పగా చేశాడు, ఆ మాట అనక తప్పదు. తొడంత లావు కాళ్ళు, కాళ్ళని కింద కలుపుతూ అడ్డపట్టెలు, తొట్టి అడుగంతా సమానంగా ఆనడానికి పైన మందపాటి బల్ల. ఇనప మేకు ఒక్కటీ వాడలేదు. కొయ్య కొసన చెక్కిన కుసిని బెజ్జంలోకి దిగ్గొట్టి, టేకు చీలలతోనే బిగించాడు. కాళ్ళకి పద్మాలు చెక్కాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి పైన నాలుగు మూలలా పెట్టి మట్టం చూశాడు. దొర వచ్చి స్టాండుని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. దొర ఊగాడు గాని స్టాండు ఊగలేదు. తొట్టిని ఎక్కించి అంచుల దాకా నీళ్ళు పోసినా కిక్కురుమనలేదు. ఆ రోజు వీరాస్వామి ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళాడు.

"నా మంచం ఎలా ఉందో నేనూ చూస్తాను బావా" అంది బుల్లెమ్మ. ఎకసెక్కానికి కాదు, ముచ్చటపడే అడిగింది. దొరా దొరసానీ చర్చికెళ్ళిన ఓ ఆదివారం, బంగళా బట్లరు రాముడిని బతిమాలుకుని ఆమెని తీసుకెళ్ళాడు. మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి నడిచింది. దారి పొడుగునా వీరాస్వామి పద్మాల గురించే చెప్పాడు.

హాల్లోకి అడుగు పెట్టి నిలబడిపోయాడు. తొట్టి ఉంది. నీళ్ళలో పరిగె చేపలు మెరుస్తున్నాయి. తొట్టి కింద నుంచి నేల దాకా నాలుగు పక్కలా ఆకుపచ్చ గుడ్డ, అంచులకి కుచ్చులు.

"గుడ్డెందుకు కట్టారు?" అన్నాడు.

"దొరసానమ్మగారికి కింద కొయ్య కనపడితే బాగోదంట" అన్నాడు రాముడు. "కట్టి చాన్నాళ్ళయింది. చూసినవాళ్ళంతా కుచ్చుల్ని తెగ మెచ్చుకుంటున్నారు."

వీరాస్వామి చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది. బుల్లెమ్మ మెల్లగా వంగి గుడ్డ అంచు పైకెత్తింది. లోపలున్న స్టాండు కాలిని తలకాయ నుంచి పాదం దాకా అరచేత్తో తడిమింది. "బాగుంది బావా. ఏనుగెక్కినా చెక్కు చెదరదు" అంది. తరవాత లేస్తూ, తొట్టి కేసి చూసి నవ్వింది. "నీళ్ళల్లో బతికే చేపకి చెమ్మ తగలకుండా భలే ఎత్తున కట్టావు."

రాముడు నవ్వాడు. వీరాస్వామీ నవ్వబోయి ఆగిపోయాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆమె మొహం కేసి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రమే నాలుగు కర్రలు తెచ్చి నులక మంచం కొట్టి ఉంటే సరిపోయేది. అక్కడా గర్వమే అడ్డొచ్చింది. ఇప్పుడు నులక మంచం చేస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదా! బదులు వచ్చిన కొయ్య పంచలో ఆరుతోంది, దాంతో అంతకన్నా మంచి పట్టెమంచం చేసి చూపిస్తాను అనుకున్నాడు. ఆ తరవాత దొర బదిలీ అయ్యాడు, తొట్టి ఎవరి చేతిలోనో పగిలింది. స్టాండు మాత్రం ఆఫీసు వరండాలో కాగితాల కట్టలు మోస్తూ నిక్షేపంగా ఉంది. పంచలో కొయ్య ఇంకా ఆరుతూనే ఉంది.

శ్రావణంలో ముసురు పట్టుకుంది. ఎండ మొహం చూసిన వాళ్ళు లేరు. నేలంతా పాచి వాసన. బుల్లెమ్మకి చలిజ్వరం వచ్చి, ఆయాసంలోకి దిగింది. ఊపిరి తీస్తుంటే ఇల్లంతా వినపడేది. వైద్యుడు వచ్చి నాడి చూసి, "ఈ తడి నేల మీంచి తీసి ఎత్తున పడుకోబెట్టవయ్యా ముందు" అని మందు ఇచ్చి వెళ్ళాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కూర్చున్నాడు వీరాస్వామి మంచం పనికి. ఆరీ ఆరని ఆ కొయ్యనే నరికాడు. ఎవరడిగినా పొద్దు వాలేసరికి మంచం చేతిలో పెట్టే మనిషికి ఆ రోజు కుసి బెజ్జంలో పట్టలేదు. ఉలి జారి వేలు తెగింది. బుల్లెమ్మ చాప మీద నుంచి చూస్తూ, "పద్మాలు వద్దులే బావా" అంది. ఆ మాటకి వీరాస్వామి ఏడ్చేశాడు. ఏడుస్తూనే చట్రం నిలబెట్టి, ఆమె పక్కనే వేసుకుని నులక అల్లడం మొదలెట్టాడు.

సగం అల్లేసరికి చాప మీద బుల్లెమ్మ ఊపిరి మారింది. వీరాస్వామి కేక విని పక్కింటి సూరమ్మ, ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వానలో పరిగెత్తుకొచ్చారు. సూరమ్మకి చూపు తక్కువ. గుమ్మంలో నిలబడేసరికి ఆ చీకటింట్లో కొత్త మంచం ఆకారం కనపడింది, గురగురమనే చప్పుడు వినపడింది. మనిషి పోయేటప్పుడు మంచం మీద పోకూడదని, కిందికి దించి నేల మీద పడుకోబెడతారు. ఏ ఇంట్లోనైనా ఆ ఘడియలో పెద్దవాళ్ళు ముందు అనే మాట అదే.

"అయ్యో, చూస్తారేంటర్రా! ప్రాణం పోతోంది. దింపండి, మంచం మీంచి దింపి నేల మీద పెట్టండి!" అని అరిచింది సూరమ్మ.

వీరాస్వామి చేతిలో నులక వదిలేశాడు.

"దేని మీంచి దింపమంటావు సూరమ్మక్కా?" అన్నాడు.