జాబితాలో చివరి పేరు

నా భార్య చనిపోయి మూడు వారాలు దాటింది. ఆ రోజు గురువారం. పొద్దున్న ఏడింటికి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాటు నుంచి పది నిమిషాల నడక. ఆమె రెండు గుక్కలు తాగింది. డాక్టరు వచ్చి వెళ్ళింది. కొత్తగా చెప్పిందేమీ లేదు. పది గంటలకు మా ఆవిడ కళ్ళు తెరిచి, "ఏవండీ, వచ్చే నెల జాబితాలో నన్ను ముందు వెయ్యండి" అంది. "అలాగే" అన్నాను. నా ధ్యాస సెలైన్ గొట్టం మీద ఉంది. మధ్యాహ్నం నిద్రపోయింది. మూడుంపావుకు ఊపిరి ఆగింది. నర్సు గడియారం చూసి టైము రాసుకుంది. నేను ఫ్లాస్కు తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆ జాబితా ఏమిటో మీలో చాలామందికి తెలుసు. తెలియనివారి కోసం చెబుతున్నాను. ప్రతి నెలా మొదటి శనివారం లైబ్రరీ మేడమీది గదిలో తెలుగులో రాసేవాళ్ళు కూడతారు. పదింటి నుంచి పన్నెండు వరకు. ఎనిమిదేళ్ళ కిందట మా ఆవిడ ఇంకో ముగ్గురితో కలిసి మొదలుపెట్టింది. అప్పుడు అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మా వంటింట్లోంచి తీసుకెళ్ళిన టైమరు. కీ తిప్పితే గరగరా తిరిగి గంట కొడుతుంది. అంతకుముందు అది గుడ్లు ఉడికించడానికి వాడేవాళ్ళం.

ఆమె పెట్టిన నియమాలు మూడే. ఒకరికి పది నిమిషాలు. రాసినదాన్ని రాసినవాళ్ళు చదవకూడదు, పక్కవాళ్ళు చదవాలి. చదువుతున్నంతసేపూ రాసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఒకాయన మధ్యలో కలగజేసుకుని, "అక్కడ నా ఉద్దేశం ఏంటంటే..." అని మొదలుపెట్టాడట. "పుస్తకం కొన్న ప్రతివాడి ఇంటికీ వెళ్ళి ఇలాగే చెప్పొస్తారా?" అని అడిగిందట ఈవిడ. చదివేవాళ్ళ నోరు ఎక్కడ తడబడితే అక్కడ కాగితం మీద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. వ్యాఖ్య రాసేది కాదు. "చుక్క దగ్గరికి మీరే మళ్ళీ వెళ్ళండి" అనేది.

ప్రతి నెలా జాబితా రాసేది ఆమే. తన పేరు చివర వేసుకునేది. పిలిచినవాళ్ళు చివర వడ్డించుకోవాలన్నది ఆమె లెక్క. జనం పెరిగారు. కమిటీ వచ్చింది. అధ్యక్షులవారు వచ్చారు. ఆయన నవల రాస్తున్నారు. ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి వస్తారు కాబట్టి, "ఇంత దూరం పది నిమిషాల కోసమా అమ్మా?" అనేవారు. పక్కవాళ్ళను చదవనిచ్చేవారు కాదు. "మా పాత్రల యాస వీళ్ళ నోట పలకదు." టైమరు మోగితే దాని మీద అరచెయ్యి పెట్టి, "ఇంకొక్క పేజీ" అని చదువుతూ పోయేవారు. ఆయన్ని చూసి మిగిలినవాళ్ళూ నేర్చుకున్నారు. పన్నెండయ్యేది. లైబ్రరీ అమ్మాయి తలుపు దగ్గర నిలబడేది. మా ఆవిడ తన కాగితాలు సంచిలో పెట్టుకునేది. ఇలా మూడేళ్ళు.

ఇంటికి వచ్చాక అడిగేవాణ్ణి. "నీది చదివారా?"

"టైము చాల్లేదండీ."

"మరి చెప్పొచ్చుగా."

"ఎవరికి వాళ్ళకు తెలియాలి."

మీకు తెలియలేదు. మూడేళ్ళలో ఒక్కరికీ తెలియలేదు.

గత ఏడాది కౌన్సిల్ వాళ్ళు కొత్త రచయితల కోసం ఒక అవకాశం ఇచ్చారు. ఎంపికైనవారికి అనుభవమున్న రచయిత ఆరు నెలలు తోడుండి పుస్తకం తయారు చేయిస్తారు. ఏ భాషలో రాసినా సరే. ఆ ప్రకటన చూసి అందరికీ చెప్పింది ఆమే. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మీలో ఐదుగురికి దరఖాస్తులు నింపి పెట్టింది. మీ గురించి మీరు రాసుకోలేకపోతే, ఆమె అడిగి అడిగి రాసింది. అందులో ఒకరు ఎంపికయ్యారు. మంచిదే. ఆమె సంతోషంతో ఆ రోజు పాయసం చేసింది.

తన దరఖాస్తు కూడా నింపుకుంది. అందులో ఒక ప్రశ్న: ఈ రచనను మీ బృందంలో చదివి చర్చించారా? అక్కడ ఆగిపోయింది. "అవునని గీత పెట్టు, ఎవరు చూడొచ్చారు?" అన్నాను. "చదవందే చదివారని ఎలా రాయనండీ?" అంది. గడువు దాటిపోయింది. ఆ కాగితం ఆమె సొరుగులో ఉంది. అన్నీ నింపి ఉన్నాయి, ఆ ఒక్క గడి తప్ప.

ఇప్పుడు మీరంతా నాకు ఫోన్లు చేస్తున్నారు. నిస్వార్థి అంటున్నారు. త్యాగమయి అంటున్నారు. దయచేసి ఆ మాటలు వాడకండి. ఆమె ఏదీ త్యాగం చేయలేదు. తన వంతు కోసం ఎదురుచూసింది. మీరు ఇవ్వలేదు. ఈ రెండూ ఒకటి కావు.

నేనూ మీలో ఒకణ్ణే. మొన్న మన రచయితల సంఘంలోని నర్సమ్మాయి ఇంటికి వచ్చింది. వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పిల్ల. వంటింట్లో నిలబడి చెప్పింది. "ఒక్కసారి ప్రెసిడెంట్ సార్ రాలేదు అంకుల్. ఆ రోజు ఆంటీ కథకు టైమ్ దొరికింది. నేనే చదువుతున్న. రెండు పేజీలు అయినయ్. అప్పుడే మీ ఫోనొచ్చింది."

నాకు గుర్తుంది. బండి ఆపకూడని చోట ఆపాను. "పది నిమిషాలు ఆగండి" అంది ఫోన్లో. "ఇక్కడ రేంజర్ వచ్చి జరిమానా రాస్తాడు, దిగి రా" అన్నాను. వచ్చింది. "అయిపోయిందా?" అన్నాను. "ఆ, అయిపోయింది" అంది. సీటు బెల్టు పెట్టుకుంది. దారిలో కూరగాయల కొట్టు దగ్గర ఆగాం. ఆమె మొహం నేను చూడలేదు.

రేపటి సమావేశాన్ని సంస్మరణ సభ చేశారు. మొన్న కార్యదర్శి ఫోన్ చేసి కార్యక్రమం చదివి వినిపించాడు. దీపం, అధ్యక్షులవారి ప్రసంగం, ముఖ్య అతిథి, ఆమె మీద రాసిన ఏడు కవితలు, భోజనాలు.

"ఆవిడ కథ?" అన్నాను.

"అది సావనీర్‌లో వేస్తాం అంకుల్. ప్రెసిడెంట్ గారు కొంచెం పాలిష్ చేస్తానన్నారు."

"శనివారం చదవరా?"

"షెడ్యూల్ చాలా టైట్ అంకుల్. ట్వెల్వ్‌కల్లా రూమ్ వెకేట్ చెయ్యాలి కదా. మీరు మాత్రం ఒక చిన్న ట్రిబ్యూట్ రాసివ్వండి. ఆంటీ సేవల గురించి."

రాశాను. ఇదే. సావనీర్‌కు పంపడం లేదు. ఈ శుక్రవారం మధ్యాహ్నం మీ అందరికీ ఒకేసారి మెయిల్ చేస్తున్నాను, రేపటిలోపు చదువుకోవడానికి వీలుగా.

నిన్న ఆమె కథ తీసి మొదటిసారి చదివాను. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి. పైకి చదివాను, బల్ల మీద టైమరు పెట్టుకుని. అందులో మా ఫ్లాట్ల వెనక బట్టలు ఆరేసే తీగలు, ఇద్దరు ఆడవాళ్ళు. అంతకన్నా చెప్పను. వివరించకూడదన్నది నియమం. రెండు చోట్ల నా నోరు తడబడింది, చుక్కలు పెట్టాను. చదవడం అయ్యాక కూడా టైమరు తిరుగుతూనే ఉంది. చూశాను. తొమ్మిది నిమిషాలు పట్టింది.

మూడేళ్ళలో ఆమెకు కావలసింది తొమ్మిది నిమిషాలు.

కథకు ఎవరూ మెరుగులు దిద్దనక్కరలేదు. గది ఇప్పటికీ ఆమె పేరు మీదే బుక్ అయి ఉంది. లైబ్రరీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ముఖ్య అతిథిగారు, కవితలు, దీపం అన్నీ తర్వాత. టైము చాలకపోతే చాలదు.

రేపు ఉదయం తొమ్మిదిన్నరకు నేను వెళ్ళి గది తలుపు తెరిపిస్తాను. బోర్డు మీద జాబితా రాస్తాను, ఆమె పేరు మొదట. నర్సమ్మాయి మొదటి పేజీ నుంచి చదువుతుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా వస్తానంది. సరిగ్గా పదింటికి టైమరు కీ తిప్పి బల్ల మధ్యలో పెడతాను. దాని మీద ఎవరి చెయ్యీ పడకుండా పక్కనే కూర్చుంటాను.